చీకటికి సరిపోయే లెన్స్

1973లో వానలు వెనకపట్టిన రోజులు. గోదావరిఖని బజారులో నా ఫోటో స్టూడియో అప్పటికి కాస్త నిలదొక్కుకుంది. మాది మంథని. మా ఇంట్లో బడి పంతుళ్లు, గుడి పంతుళ్లు తప్ప ఇంకో రకం మనుషులు లేరు. నేనొక్కణ్ణే కెమెరా మెడలో వేసుకుని బొగ్గు ఊరికి వచ్చాను. అయినా ఆ పేరు నన్ను వదల్లేదు. గోదావరిఖనిలో అందరికీ నేను ఫోటోల పంతులునే.

నాకు అనుమానం ఎక్కువ. పుట్టుకతో వచ్చింది కాదు, వృత్తి అంటించింది. ఒకరి పేరు మీద ఇంకొకరు పనిచేసే రోజులవి. అన్న పేరుతో తమ్ముడు, మేనమామ పేరుతో అల్లుడు బాయిలోకి దిగేవారు. ఇక్కడ బొగ్గుగనిని బాయి అనే అంటారు. గుర్తింపు కార్డు ఫోటోకు కూర్చున్న మనిషిని పేరు అడిగితే, కాసేపు పైకి చూసి గుర్తు తెచ్చుకుని చెప్పేవాడు. ఇలాంటివి చూసి చూసి నేను ఎవరి మాటా ఒక పట్టాన నమ్మేవాణ్ణి కాదు. దేవుడు ఎదురుగా వచ్చి నిలబడినా నువ్వు నెగటివ్ చూపించమంటావు అని మా ఆవిడ దెప్పేది.

స్టూడియోతో పాటు కెమెరాలు కిరాయికి ఇచ్చేవాణ్ణి. కార్మికులు లీవు పెట్టి వేములవాడకో, కాళేశ్వరానికో, ఇంకాస్త ఉత్సాహం ఉంటే తిరుపతికో పోయేవారు. ఎక్కువమందికి పెట్టె కెమెరా చేతిలో పెట్టి పంపేవాణ్ణి. అది ఎండ కోసం చేసిన కెమెరా. దాని లెన్స్ కన్ను చిన్నది, తెరుచుకునేది రెప్పపాటు. ఆరుబయట ఎవరు తీసినా ఫోటో పడుతుంది. గుడి లోపల, మంటపం నీడలో తీస్తే మాత్రం అన్నీ నల్లగా వస్తాయి. తిట్లు నాకు.

అలాంటి రోజుల్లో కొమురయ్య వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, కోల్ ఫిల్లర్. అంటే బ్లాస్టింగ్ అయ్యాక రాలిన బొగ్గును తట్టలకెత్తి టబ్బుల్లో పోసే పని. లోపలికి వచ్చి కూర్చోలేదు. గోడకున్న పెళ్లి ఫోటోలు చూస్తూ అడిగాడు.

"పంతులూ, చీకట్ల ఫోటో పడే కెమెరా ఉన్నదా?"

"ఎక్కడ తీస్తవ్?"

"లీవు పెట్టిన. రామగిరి ఖిల్లా మీదికి పోత. అక్కడ గుహలున్నయి గద, అండ్ల తీయాలె."

"అయితే ఫ్లాష్ తీస్కపో. బల్బు ఒక్కసారి భగ్గుమంటది, పగలు తీసినట్టె వస్తది."

"వద్దు వద్దు. మెరిసేది ఏదీ వద్దు. ఒక్క దీపం వెలుగులనే పడాలె. మన టోపీ దీపం ఎంతుంటదో గంతే."

నాకు చెవులు నిక్కపొడుచుకున్నాయి. టోపీ దీపం అంటే బాయిలో కార్మికుడి నెత్తి మీద ఉండే క్యాప్ ల్యాంపు, నడుముకు కట్టుకున్న బ్యాటరీ నుంచి తీగతో వెలుగుతుంది. షిఫ్టు మొదట్లో ల్యాంప్ రూములో తీసుకుని, షిఫ్టు దిగగానే అక్కడే అప్పజెప్పాలి. అది ఇంటికే రాదు, ఇక కొండ మీది గుహకు ఎలా వస్తుంది?

"బటన్ నొక్కినప్పుడు లోపల ఏమన్న మెరుస్తదా?" అని మళ్లీ అడిగాడు. "తీసెటోనికే ఏం కనపడకపోయినా పడుతదా?"

ఇవి సరదాగా తిరిగి రావడానికి పోయేవాడు అడిగే ప్రశ్నలు కావు. సరదాకు పోయేవాడు ఎన్ని ఫోటోలు వస్తాయని అడుగుతాడు. ఎన్ని రోజుల్లో కడిగిస్తావని అడుగుతాడు. ఈ మనిషి కెమెరాను దొంగతనంగా బాయిలోకి దించబోతున్నాడని నాకు గట్టిగా అనిపించింది. లోపల గాలిలో మండే వాయువు ఉంటుందని బీడీలు, అగ్గిపెట్టెలు కూడా దిగేముందు జేబులు తడిమి తీసుకుంటారు. ఫ్లాష్ బల్బు పేలితే ఎందరి ప్రాణాలు పోతాయో చెప్పలేం. ఫ్లాష్ లేకపోయినా సరే, దొరికితే తీసినవాడి పని పోతుంది, నా దుకాణానికి తాళం పడుతుంది.

"రేపు రా, చూస్త" అని పంపించాను.

సాయంత్రం ఓవర్‌మాన్ నర్సింగరావు చాయ్ తాగడానికి వచ్చాడు. బాయి లోపల షిఫ్టు పని చూసుకునే ఉద్యోగం అతనిది, నాకు పాత దోస్తు. కొమురయ్య సంగతి కదిలించాను.

"లీవుల ఉన్నది నిజమే" అన్నాడు. "కానీ వాని కత వేరే పంతులూ. మొన్న ఎండకాలం పైకప్పు కూలి ఒక పోరడు పోయిండు గద, సమ్మయ్య అని. వాడు కొమురయ్యకు బామ్మర్ది. ఇద్దరు ఒక్క జాగల పనిచేసేటోళ్లు. ఈయన బయటపడ్డడు, పోరడు పోయిండు."

"అయితే?"

"పోరని తల్లి ఒప్పుకుంటలేదు. పక్కపొంటి ఉన్నోనివి, నా కొడుకు నీకు కనపడకపోవుడేంది, ఇడిసిపెట్టి ఉరికినవ్ అంటది. బిడ్డను గూడ తోల్కపోయింది. కొమురయ్య పెండ్లాం ఇప్పుడు తల్లిగారింటి కాడనే ఉంటుంది. ఇగ పంపేటట్టు లేదు."

"నిజంగనే ఉరికిండా?"

నర్సింగరావు గ్లాసు కింద పెట్టాడు. "నాకు తెల్వదు. నేను చేరేసరికి అంతా అయిపోయింది. కొందరు ఉరికిండంటరు, కొందరు లేదంటరు. ఎవ్వలు చూసిండ్రు?"

ఆ రాత్రి నా అనుమానం రెండింతలైంది. బామ్మర్ది పోయిన చోటును ఫోటో తీసి, తనకు అనుకూలంగా ఏదో రుజువు తయారు చేసుకుంటున్నాడని లెక్క కట్టాను. మనిషి ముఖం గుర్తు చేసుకుంటే కూడా దొంగ ముఖంలాగే కనిపించింది. అనుమానంతో చూస్తే ఏ ముఖమైనా అలాగే ఉంటుందని అప్పటికి ఇంకా నాకు తెలియలేదు.

అయినా కెమెరా ఇవ్వాలనే నిర్ణయించుకున్నాను. ఇస్తేనే కదా నిజం తెలిసేది. ఒకే షరతు పెట్టాను. రోలు నా చేత్తోనే కడగాలి, ఇంకెక్కడా ఇవ్వకూడదు. బాయిలో తీసి ఉంటే నెగటివ్ మీద బొగ్గు గోడ కనిపించి తీరుతుంది.

మర్నాడు కొమురయ్య ముందు మూడు కెమెరాలు పెట్టాను. పెట్టె కెమెరాను నేనే పక్కకు తోసేశాను. రెండోది జపాన్ కెమెరా, ముందు వైపు రెండు కళ్లుంటాయి, పైనుంచి తొంగి చూసి తీయాలి. మంచి కెమెరాయే. కానీ దాని లెన్స్ ఎఫ్-త్రీ పాయింట్ ఫైవ్. ఎఫ్ నంబరు అంటే లెన్స్ కన్ను ఎంత పెద్దగా తెరుచుకుంటుందో చెప్పే లెక్క. నంబరు తగ్గేకొద్దీ కన్ను పెద్దదవుతుంది. మూడోది రష్యా కెమెరా, లెన్స్ ఎఫ్-టూ. జపాన్ దాని కంటే మూడింతల వెలుగు లోపలికి తీసుకుంటుంది. దానికే బిగించే ఇంకో వెడల్పు లెన్స్ కూడా నా దగ్గర ఉంది. ఇరుకు చోట ఎక్కువ మేర పడుతుంది కానీ, దాని కన్ను అంత తెరుచుకోదు. ఒక్క దీపంతో పని కనుక ఎఫ్-టూనే బిగించాను.

ఫిల్ము కూడా వేరే ఇచ్చాను. మామూలుగా నేను వేసేది వంద ఏఎస్ఏ. ఏఎస్ఏ అంటే ఫిల్ముకు వెలుగు ఎంత త్వరగా అంటుతుందో చెప్పే కొలత. తూర్పు జర్మనీ నుంచి వచ్చే నాలుగు వందల ఏఎస్ఏ రోలు ఒకటి దాచుకుని ఉన్నాను. ఫోటోలో కాస్త ఇసుక చల్లినట్టు గరుకు కనిపిస్తుంది గానీ, చీకట్లో అంతకు మించిన ఫిల్ము మా దగ్గర దొరికేది కాదు.

"చేతుల పట్టుకొని తీయకు, అదురుతది" అని చెప్పాను. "బండ మీద కదలకుంట పెట్టు. ఈ రింగు బి మీదికి తిప్పితే, బటన్ ఒత్తినంతసేపు కన్ను తెరుసుకునే ఉంటది. ఈ తీగను కేబుల్ రిలీజ్ అంటరు, దీనితోని ఒత్తి పట్టుకొని మెల్లగ పది దాక లెక్కపెట్టి ఇడువు. అప్పటిదాక ఎదురుంగ కూసున్నోడు కదలొద్దు."

కొమురయ్య నేర్చుకున్న తీరు చూసి లోపల మెచ్చుకున్నాను. ఇంత శ్రద్ధ ఎందుకో అని లోపలే అనుమానించాను కూడా. అక్కడికి దీపం ఏదని అడిగితే తమ ఊరి దోస్తు దగ్గర టార్చి ఉందని, ఇద్దరం కలిసే కొండ ఎక్కుతామని చెప్పాడు.

రోలు తిరిగి వచ్చిన రోజు గిరాకీని కూడా పక్కన పెట్టి డార్క్‌రూములో దూరాను. డెవలపర్‌లో ఊపి, ఫిక్సర్‌లో ముంచి, కడిగిన ఫిల్మును తడి ఆరకముందే వెలుగుకు పట్టి చూశాను. బొగ్గు లేదు. కప్పుకు కొయ్య దిమ్మెల ఆసరా లేదు. రాతి కప్పు సందుల్లోంచి చెట్ల వేర్లు వేలాడుతున్నాయి. ఒక మూల గబ్బిలాలు. రామగిరి గుహే. మనిషి చెప్పింది అక్షరాలా నిజం. నాకు ఊరట కలగాలి కదా, కొంచెం నిరాశ కలిగింది.

ఫోటోలు మాత్రం అద్భుతంగా వచ్చాయి. ఒకదాంట్లో అతని దోస్తు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక్క టార్చి వెలుగు, అదీ నేలకు తిప్పి పెట్టింది. రాతి మీది చారలు, దోస్తు మీసం, కాళ్ల దగ్గరున్న నీళ్ల సీసా, అన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. పెద్దది చేసి చేతికిచ్చాను, శభాష్ అంటాడని. కొమురయ్య ఆ ఫోటోను చాలాసేపు చూశాడు.

"గిట్ల లేకుండె పంతులూ అక్కడ."

"గిట్ల లేకపోవుడేంది, కెమెరా అబద్దం చెప్తదా?"

"వాడు నాకు సగం గూడ అగుపడలే. గింత వెలుగు యాడిది? దీన్ని నల్లగ చెయ్యరాదా? మొత్తం నల్లగ, మనిషి ఉన్నడా లేడా అన్నట్టు."

అణిగిపోయిన అనుమానం మళ్లీ లేచింది. మంచి నెగటివ్‌ను కావాలని పాడు చేయించుకునేవాణ్ణి నేనెన్నడూ చూడలేదు. ఉన్నదాన్ని లేనట్టు చూపించమంటున్నాడంటే ఇందులో మోసం లేకుండా ఉంటుందా?

"గసొంటి పని నేను చెయ్య" అన్నాను.

ఎందుకని అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి వారం ఒక పెద్దావిడ దుకాణం మెట్లెక్కింది. వెనక ఒక పడుచు ఆడమనిషి. ఇంకా వెనక, కింద రోడ్డు మీదే ఆగిపోయి, కొమురయ్య. పెద్దావిడ అతని అత్త మల్లవ్వ. పోయిన సమ్మయ్య తల్లి. వెంట ఉన్నది ఆమె కూతురు కనకవ్వ, కొమురయ్య భార్య. మంథని అవతలి ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. మల్లవ్వ కొంగులోంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నువ్వే చేసినవా, పంతులూ?"

"నేనే అవ్వా."

"దీంట్ల దీపాలెన్ని పెట్టిండ్రు?"

"ఒక్కటే టార్చి."

"ఒక్క టార్చికి గింత వెలుగా? కూసున్నోని మీసం గూడ అగుపడుతుంది. మా అల్లుడేమో బాయిల మనిషికి మనిషి అగుపడడు, నీ కొడుకు పక్కనే ఉన్నా నేను చూడలే అన్నడు. నమ్మనంటే, గసొంటి జాగ ఫోటో తీస్కొచ్చి చూపిస్త అన్నడు. మాటిచ్చిన గద అని గిదే తెచ్చి చేతుల పెట్టిండు. నువ్వే చెప్పు, గిండ్ల ఏం అగుపడుతలేదు?"

కొమురయ్య నా దగ్గరికి చీకటి కోసం వచ్చాడు. నేను వెతికి వెతికి, చీకటిని తోడేసే లెన్స్ ఇచ్చాను. తన కాపురం నిలబెట్టుకోవడానికి అతనికి దొరికిన ఒకే ఒక్క సాక్ష్యం, నా పనితనం వల్ల అతని మీదే సాక్ష్యం చెబుతోంది.

ఆమెకు చెప్పి చూశాను. మన కన్ను ఎంతసేపు చూసినా అంతే చూస్తుంది, కెమెరా అలా కాదు, తెరిచి పెట్టినంతసేపు వెలుగును కూడబెట్టుకుంటుంది, బొట్టు బొట్టు పడి కుండ నిండినట్టు. అందుకే అక్కడ కూర్చున్నవాళ్లకు కనిపించనిది కూడా ఫోటోలో కనిపిస్తుంది అన్నాను. మల్లవ్వ నా ముఖంలోకి చూసింది.

"నువ్వు ఆయన దిక్కే మాట్లాడుతవ్. నీ గిరాకీ గద" అంది. "నేను చేను కావలికి అమాస నాడు గూడ ఒక్కదాన్నే పోయిన. పక్కన నిలబడ్డ మనిషి ఆనవాలు తెల్వని చీకటి నేను యాడ జూడలే."

ఆమెలో నన్ను నేను చూసుకున్నట్టయింది. అలాంటి మనిషికి మాటలు పనికిరావు.

"లోపలికి రా అవ్వా" అన్నాను. "నువ్వు గూడ, అమ్మా. కొమురయ్యా, నువ్వు గూడ రా."

డార్క్‌రూము చిన్నది. కిటికీకి రేకు కొట్టించి, సందుల్లో నల్ల కాగితం కూరి, తలుపుకు రెండు పేటల నల్ల గుడ్డ కట్టించాను. ఫోటోలు కడిగేటప్పుడు ఎర్ర దీపం ఉంచుకోవచ్చు. ఫిల్ము రోలు విప్పేటప్పుడు అది కూడా ఆర్పేయాలి, గీత వెలుగు పడినా రోలు చెడుతుంది. తల్లీకూతుళ్లను బల్ల మీద కూర్చోబెట్టాను. కొమురయ్యను మల్లవ్వ పక్కనే నిలబెట్టాను. ఆమె మోకాళ్లు పక్కకు జరుపుకుంది. బయట పట్టపగలు, ఎండ కాస్తోంది. నేను ఎర్ర దీపం ఆర్పేశాను.

అలవాటు లేనివాళ్లు ఆ చీకట్లో కళ్లు ఇంకా ఇంకా పెద్దవి చేస్తారు. మెల్లగా ఏదో కనిపిస్తుందని ఎదురుచూస్తారు. ఎంతసేపు కూర్చున్నా ఏదీ కనిపించదు. మల్లవ్వ ఊపిరి వేగం పెరగడం వినిపించింది.

"కనకా?"

"ఈడనే ఉన్ననే."

ఆ తర్వాత, నాకు తెలిసి ఆ ఎండాకాలం నుంచి మొదటిసారి, ఆమె అతన్ని పిలిచింది.

"అల్లుడా, ఉన్నవా?"

"ఉన్న అత్తా. నీ పక్కనే ఉన్న."

"బాయిల గిట్లనే ఉంటదా?"

"దీపం ఆరితే గిట్లనే ఉంటది. నా దీపం తీగ తెగిపోయింది. పోరని దీపం మీద బండలు పడ్డయి."

ఇక్కడితో అయిపోయిందనుకుని నా చెయ్యి స్విచ్ మీదికి పోయింది. మల్లవ్వ గొంతు మళ్లీ వినిపించింది.

"సమ్మడు పిలిచిండా?"

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నువ్వు ఏదో దాస్తున్నవని నాకు ఎరుకే. ఒక్కసారే పోయిండు, నొప్పి గూడ తెల్వలే అన్ననాడే ఎరుకైంది. పిలిచిండా?"

"పిలిచిండు."

"ఏమని?"

"బావా అని. ఆపకుంట పిలిచిండు. నేను ఒక దిక్కు పోయిన, గోడ తాకింది. ఇంకో దిక్కు పోయిన, బండ తాకింది. ఆ దుమ్ముల మాట యాడికెల్లి వస్తుందో తెల్వలే అత్తా. చేతులతోని దేవులాడిన. పిలుసుడు ఆగినంక వాని కాలు దొరికింది."

కనకవ్వ ఏడుపు వినిపించింది.

"మరి గీ మాట నాకెందుకు చెప్పకపోతివి?" అంది మల్లవ్వ. "ఉరికినవని అందరి ముంగట తిట్టిన గద. పడ్డవు గాని చెప్పకపోతివి."

"ఎట్ల చెప్పుదు అత్తా. నీ కొడుకు నన్ను పిలుసుకుంట పిలుసుకుంట పోయిండని నీకు ఎట్ల చెప్పుదు."

నేను ఏ మూలకు నిలబడ్డానో అక్కడే గోడకు ఆనుకున్నాను. ఆ గదిలో అన్నేళ్లు పనిచేశాను గానీ, అక్కడ ఉండకుండా ఉంటే బాగుండునని అనిపించింది అప్పుడే. చాలాసేపటికి గొంతు సవరించుకున్నాను.

"దీపం ఎయ్యాల్నా, అవ్వా?"

"ఎయ్యకు పంతులూ" అంది. "జరసేపు ఉండనియ్యి."

ఉండనిచ్చాను. వాళ్లు ఏం చేశారో, ఎవరి చెయ్యి ఎవరి మీద ఉందో నాకు తెలియదు. ఆమె చాలు అన్నాకే దీపం వేశాను.

బయటికి వచ్చాక మల్లవ్వ మెట్ల మీద నిలబడి ముఖం తుడుచుకుంది. కూతురి వైపు తిరిగి, "నీ చీరెల మూట రేపు బస్సుల పంపిస్త. నువ్వు ఇంటికి పో" అంది. కొమురయ్య బస్‌స్టాండు దాకా అత్త సంచి మోసుకుంటూ పోయాడు, ఆమె మోయనిచ్చింది.

ఆ తర్వాత నేను చాలాకాలం కెమెరాలు కిరాయికిచ్చాను. గుడికని, గుహకని, దీపాల పండుగకని తక్కువ వెలుగులో పడే కెమెరా అడిగినవాళ్లు ఎందరో వచ్చారు. అందరినీ ముందు ఎఫ్ నంబర్ల సంగతి కాదు, ఈ ఫోటో ఎవరికి చూపిస్తారని అడగడం అలవాటు చేసుకున్నాను. కొందరు నవ్వేవారు, కొందరు నీకెందుకని విసుక్కునేవారు. నా అనుమానం మాత్రం పోలేదు, ఇప్పటికీ ఉంది. మల్లవ్వకు కూడా అనుమానమే, నాకంటే ఎక్కువే. కానీ ఆమె బస్సెక్కి వచ్చి, ఎదురుగా కూర్చుని, జవాబు వినడానికి భయపడకుండా అడిగింది. నేను అడగాల్సిన మనిషి నా బల్ల ముందే అన్నిసార్లు నిలబడితే, నేను అతని నెగటివ్‌లు వెతుక్కుంటూ కూర్చున్నాను.